అచ్చెన్న మేస్త్రి కేక

సూర్యావతి పొద్దున్నే లేచి, మొహం కడుక్కుని, టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోపు వెళ్ళి జాడీ మీద చెయ్యి వేసి చూస్తుంది. చల్లగా ఉంటే సరే. వెచ్చగా ఉంటే ఆవేళ కొడుకుని అటక మీంచి దిగనివ్వదు. ఆ తర్వాతే టీ.

చూడ్డానికి అది ఊరగాయ జాడీయే. లోపల మాత్రం ఊరగాయ లేదు, ఆవిడ మొగుడి ముత్తాత అచ్చెన్న మేస్త్రి వేసిన కేక ఉంది. మూతికి పసుపు గుడ్డ కట్టి ఉంటుంది. ఏటా అమ్మవారి పండక్కి గుడ్డ మార్చాలి. పాతది విప్పకుండానే దాని మీద కొత్తది కట్టి, అడుగు నుంచి పాతదాన్ని కొంచెం కొంచెంగా లాగెయ్యాలి. అత్తగారు ఈ పని నేర్పించాకే కోడలికి వంటింటి తాళం ఇచ్చింది. బర్మాలో రేవు పక్కనున్న బోటాటౌంగ్ పేటలో, ఆ వీధి పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి ఆ జాడీకి చెవి ఆనించి విన్నవాళ్ళే.

అచ్చెన్న శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి, ఇక్కడి రేవులో కూలీలకి మేస్త్రి అయ్యాడు. తెల్లవారుతూనే కూలీల బ్యారక్ ముందు నిలబడి ఒక్క కేక పెట్టాడంటే లోపలున్న మగవాళ్ళంతా బయటికి రావలసిందే. జ్వరం తగిలినవాడూ, తాగి పడిపోయినవాడూ, పెళ్ళాం ఉత్తరం చదివించుకుంటున్నవాడూ అందరూ వచ్చేసేవారు. ఇష్టంతో పనిలేదు, కాళ్ళే వచ్చేసేవి. పంతొమ్మిది వందల ముప్పైలో, రేవు పనుల కోసం బర్మావాళ్ళకీ తెలుగు కూలీలకీ గొడవలు లేచినప్పుడు, కత్తులు పట్టుకుని జనం వస్తున్నారని అచ్చెన్నకి ముందే తెలిసింది. ఒక్క కేక వేస్తే బ్యారక్ ఖాళీ అయి, కూలీలు తప్పించుకునేవారు. కాని తన కొడుకు ఇంట్లో బియ్యం బస్తాల వెనక దాక్కుని ఉన్నాడు. కేక వేస్తే వాడూ కత్తులకి ఎదురొస్తాడు. అచ్చెన్న నోరు మూసుకున్నాడు. కొడుకు బతికాడు, బ్యారక్‌లో వాళ్ళు బతకలేదు. చాలా ఏళ్ళకి అచ్చెన్న మంచంలో పోతున్నప్పుడు, ఆ మింగిన కేక పైకి తన్నుకొస్తుంటే, పెళ్ళాం చేతికందిన జాడీ పట్టి మూతి కట్టేసింది.

బస్తాల వెనక బతికిన కుర్రాడి మనవడే సూర్యావతి మొగుడు కన్నారావు. ఈ కథ చెప్పిన పూట ఆయన అన్నం ముట్టేవాడు కాదు. కరోనా ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఆక్సిజన్ దొరక్క పోయాడు. అదే ఏడాది సైన్యం గద్దె ఎక్కింది. సైన్యమనే దయ్యాన్ని తరమడానికని ఊరంతా సాయంత్రాలు గిన్నెలూ మూకుళ్ళూ మోగించినప్పుడు జాడీ అల్మారాలో అదే పనిగా వణికింది. ఆ తర్వాత కుర్రాళ్ళని సైన్యంలోకి లాక్కునే చట్టం వచ్చింది. సూర్యావతి ఇరవై రెండేళ్ళ కొడుకు హరిని అటక ఎక్కించేసింది.

వాళ్ళ మేడ కిందనే డో ఒఫీలియా, అంటే ఒఫీలియా గారి, హోటలు. ఆవిడది మెక్సికో. ఓడలో ఇంజనీరైన బర్మావాణ్ణి కట్టుకుని వచ్చింది. ఆయన పోయాడు, ఈవిడ ఉండిపోయింది. సూర్యావతి అక్కడ మొక్కజొన్న రొట్టెలు చేస్తుంది, పులుసులు కాస్తుంది. టమాటాలూ మిరపకాయలూ కాల్చి నూరిన పచ్చడి దగ్గర ఇద్దరికీ రోజూ తగువే. తాలింపు లేని పచ్చడేటని ఈవిడ, తాలింపు పెడితే అది మీ దేశపుదైపోతుందని ఆవిడ. ఇద్దరూ బర్మా భాషలోనే కీచులాడుకుంటారు.

సెప్టెంబరు పదహారు ఒఫీలియా దేశపు పండగ. అక్కడ ముందు రాత్రి పదకొండింటికి దేశాధ్యక్షులు మేడ మీంచి గంట కొట్టి అరుస్తారు. అప్పటికి ఇక్కడ తెల్లారి, పొద్దున్న పదకొండున్నర. ఏటా ఆ వేళకి ఒఫీలియా హోటలు షట్టరు సగం దించి, ఫోన్లో అది చూస్తూ, కంచు గంటొకటి వాయించి తనూ అరుస్తుంది.

ఆ ఏడు పండగనాడు, పులుసుకి మొక్కజొన్న గింజలు కడుగుతూ సూర్యావతి అడిగింది. "ఇన్నాళ్ళూ అడగనేదు. ఎందుకరుస్తారమ్మా మీరు?"

"రెండు వందల ఏళ్ళ కిందటి మాట," అంది ఒఫీలియా. "స్పెయిన్ వాళ్ళు మా నెత్తిన కూర్చున్నారు. డొలోరెస్ అని చిన్న ఊరు. అక్కడ ఇదాల్గో అనే పెద్ద వయసు పాదిరీ, ఇంకొందరూ తిరగబడదామని రహస్యంగా అనుకున్నారు. ఎవడో బయటపెట్టేశాడు. పట్టుకోడానికి వస్తున్నారని పాదిరికి కబురొచ్చింది. పారిపోవచ్చు. పారిపోలేదు. చర్చి గంట కొట్టించి, వచ్చిన జనం ముందు నిలబడి అరిచాడు. ఏమని అరిచాడో కూడా సరిగ్గా ఎవరికీ తెలీదు. తలో మాటా చెబుతారు."

"అరిచినాయన ఏటయ్యాడు?"

"ఏడాది తిరక్కుండా కాల్చేశారు. తల నరికి, ఇనప పంజరంలో పెట్టి, ధాన్యం కొట్టు మూలకి వేలాడగట్టారు. స్వతంత్రం వచ్చేదాకా, పదేళ్ళు, అది అక్కడే ఉంది."

"గంట ఇని వచ్చినోళ్ళు?"

ఒఫీలియా గరిటె పక్కన పెట్టింది. "రైతులు. గనుల్లో పనివాళ్ళు. చాలామంది మళ్ళీ ఇంటి మొహం చూడలేదు. పండగ పూట ఆ సంగతి ఎవరూ ఎత్తరు."

"మరింక పండగేటమ్మా?"

"నోరు మూసుకోలేదు కదా. అదే పండగ."

సూర్యావతికి సిగ్గేసింది. తన మీద తనకే, తను పుట్టకపోయినా మెట్టిన వంశం తరఫున, ఒళ్ళంతా పాకేంత సిగ్గేసింది. ఆవేళ పొద్దున్న జాడీ ఎంత వేడిగా ఉందంటే, చెయ్యి పెట్టి చటుక్కున తీసేసుకుంది. హరి అటక మీంచి తొంగి చూసి, "కిందకోసారి దిగొస్తానే అమ్మా. గోపీగాడు ఎల్తన్నాడట," అన్నాడు. "ఒద్దు నాయనా, జాడీ ఎచ్చగుంది," అంది. వాడు తల లోపలికి లాక్కున్నాడు.

గోపీ అంటే ఎదురు వాటాలో ఉండే గోపీకృష్ణ. తండ్రి గురునాథం తెలుగువాడు, తల్లి ఆయే ఆయే బర్మావాళ్ళ పిల్ల. వాడూ నెలలుగా ఇల్లు కదలడం లేదు. కాని సైన్యం ఇంటర్నెట్టు బిగించేశాక, ఫోన్లో మెక్సికో రప్పించడం ఆ మేడలో వాడొక్కడికే తెలుసు. ఒఫీలియా బతిమాలితే, మెట్లు దిగితే హోటలే కదా అని వచ్చాడు.

పదకొండున్నర అయింది. ఒఫీలియా గంట అందుకుంది. ఫోన్లో బొమ్మ ఆగిపోయింది. గోపీ ఫోను ఎత్తి పట్టుకుని, షట్టరు కింది నుంచి వంగి, సిగ్నలు కోసం వీధిలోకి రెండడుగులు వేశాడు. సైన్యం వాళ్ళ ఆకుపచ్చ ట్రక్కు అప్పటికే వీధి మొదట్లో ఆగి ఉంది.

ఒఫీలియా గంట కొడుతూనే ఉంది. కాలరు పట్టి గోపీని ఈడ్చుకుపోవడం ఆవిడకి ఇంకా కనబడలేదు. ట్రక్కు మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని కింద తామ్వే పేటలో పట్టుకొచ్చిన పిల్లలు తలలు మోకాళ్ళలో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆయే ఆయే మెట్లు దిగి పరుగెత్తి, యూనిఫారం వాడి బూట్ల మీద పడింది. వాడు కాలు విదిలించుకున్నాడు.

సూర్యావతి పిండి చేతులతోనే మేడెక్కింది. అల్మారా తెరిచి జాడీ ఎత్తుకుంది. చెయ్యి కాలుతున్నా వదల్లేదు.

"ఏటమ్మా ఆ గోల?" అటక మీంచి హరి.

"గోపీని పట్టీసుకున్నారు."

వాడు జాడీ కేసి చూశాడు. తీస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో పుట్టినవాడికి వేరే చెప్పక్కర్లేదు.

"నువ్వూ ఎల్లిపోతావురా. అటక మీదున్నా ఆగవు," అంది సూర్యావతి. "నిన్ను మంచానికి కట్టీసినా మంచంతో ఎల్తావు."

"నాకు భయమేస్తందమ్మా."

"నాకూ ఏస్తంది."

కిందనించి ఆయే ఆయే గొంతు వినబడింది. "వొదినా!" అంది, అంతే. జాడీ తియ్యమని అనలేదు. తీస్తే హరి కూడా బయటికొస్తాడని ఆవిడకీ తెలుసు. తెలిసి కూడా అరవకుండా ఉండలేకపోయింది. ఆ తర్వాత అదీ ఆపేసింది. ఆ ఆపడమే సూర్యావతి భరించలేకపోయింది.

"నోరు మూసుకున్న మీ తాతల రగతం నీలో ఉందిరా, నాలో నేదు," అని, ఒక్క లాగు లాగి పసుపు గుడ్డ ఊడబెరికింది.

కేక ఆవిడ నోట్లోంచి వచ్చింది. మగగొంతు, రేవు గొంతు.

"రండొరేయ్! బయటికి రండొరేయ్!"

వీధిలో మగవాళ్ళంతా వచ్చేశారు. గెడ్డానికి సబ్బు నురగతో ఒకడు, తడి లుంగీతో ఒకడు, మెడలో టేపుతో దర్జీ. మంచం దిగి ఏళ్ళయిన అప్పయ్య తాత తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చాడు. టార్పాలిన్ చింపుకుని తామ్వే పిల్లలు దూకారు. ట్రక్కు డ్రైవరు దిగాడు. ట్రక్కులో ఉన్న యూనిఫారం వాళ్ళు తుపాకులు సీట్ల మీద వదిలేసి దిగారు, గోపీ కాలరు పట్టుకున్నవాడు వదిలేశాడు. అటక నిచ్చెన మీంచి హరి దడదడా దిగి, తల్లి పక్కనించే, ఆవిడ మొహం చూడకుండా వెళ్ళిపోయాడు. అందరూ మేడ ముందు వరసలు కట్టి, పని చెప్పేవాడి కోసం చూస్తున్నట్టు మొహాలెత్తి నిలబడ్డారు. పట్టుకునేవాళ్ళూ పట్టుబడినవాళ్ళూ ఒకే వరసలో ఉన్నారు. పని చెప్పడానికి ఎవరూ లేరు.

కాసేపటికి ఒక్కొక్కరికీ తెలివి వచ్చింది. తామ్వే పిల్లలు తలో సందులోకీ పారిపోయారు. యూనిఫారం వాళ్ళు ట్రక్కెక్కబోయారు. కాలు మెట్టు మీదికి లేవలేదు. చేతులతో పట్టి లేపుకున్నా లేవలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని, ట్రక్కు అక్కడే వదిలేసి, నది వైపు నడిచి వెళ్ళిపోయారు. ఎవరూ నవ్వలేదు.

సూర్యావతి కొడుకు చెప్పులూ చొక్కా పట్టుకుని కిందికి దిగేసరికి, హరి మెట్ల దగ్గర గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అమ్మా, కాలు లోపలికి పడ్డం నేదే."

పక్కన గురునాథం తన ఇంటికి పోయే అవే మెట్ల మీదికి భుజంతో తోసుకుంటున్నాడు. ఎదురు మేడలో దర్జీ, తడి లుంగీ వాడు, అందరిదీ అదే గతి. ఎక్కణ్ణించి బయటికొచ్చారో అక్కడికి మళ్ళీ వెళ్ళలేకపోతున్నారు.

అప్పయ్య తాత నేల మీద కూర్చుని చెప్పాడు. "రేవులో రివాజమ్మా అది. పొద్దుటి కేకకి బయటికొచ్చినోడు, సాయంత్రం కేక పడేదాకా గూటికి పోకూడదు. పని దిగీ కేక వేరే ఉండీది."

"ఏటనీవోరు తాతా?"

"నాకెలా తెలుస్తాదమ్మా? నాను పుట్టకముందు మాట."

సూర్యావతి పైకి, తమ వాటా కేసి చూసింది. ఇన్ని తరాలూ పొద్దుటి కేకనే గుడ్డలు మార్చి మార్చి దాచుకున్నారు. సాయంత్రం కేక సంగతి ఆ ఇంట్లో ఒక్కళ్ళూ అడగలేదు, తనూ అడగలేదు.

"ఇంటికి రండొరే!" అని అరిచింది. అది ఆవిడ సొంత గొంతు, బొంగురుపోయిన ఆడగొంతు. ఎవరి కాలూ కదల్లేదు.

"ఏడవకే," అన్నాడు హరి, తనే ఏడుస్తూ. "నేకపోతే ఏదో రోజు ట్రక్కులో ఉండీవోణ్ణి కదా. రోడ్డు మీదున్నాను."

ఇంకో ట్రక్కు వచ్చేలోపు పోవాలి. ఆయే ఆయే ఇద్దరికీ అన్నం మూట కట్టింది. హరీ గోపీ వానలో తడుస్తూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్ళిపోయారు. మిగతా మగవాళ్ళలో కొందరు తామ్వేలో చుట్టాలిళ్ళకీ, కొందరు సేక్కాన్ రేవు గోడౌన్లకీ చేరారు. అప్పయ్య తాతని పగోడా దగ్గర సత్రంలో పెట్టి కోడలు రోజూ అన్నం పట్టుకెళ్ళేది. వీధిలో ఆడవాళ్ళే మిగిలారు.

అప్పణ్ణించీ దీపాలవేళకి ఆడవాళ్ళు బాల్కనీల్లోకి వచ్చి, ఆ సాయంత్రం కేక ఏదో తగులుతుందేమోనని, ఎవరివాళ్ళని వాళ్ళు పిలవడం మొదలెట్టారు. రకరకాల మాటలు. పనైపోయింది రండి, చీకటి పడింది రండి, బువ్వకి రండి. తెలుగులో కొందరు, బర్మా భాషలో కొందరు. వార్డు ఆఫీసు నుంచి మనిషొచ్చి అరవకూడదన్నాడు. "అన్నానికి పిల్లల్ని పిలుసుకుంతన్నాం. నేరమేటి బాబూ?" అంది సూర్యావతి. అతను వెళ్ళిపోయాడు. కాని మర్నాటి నుంచి వీధి మొదట్లో ఇద్దరు మనుషులు స్టూళ్ళేసుకుని కూర్చున్నారు. ఎవరు తిరిగొస్తారో చూడ్డానికి.

హరీ గోపీ సరిహద్దు దాటి థాయిలాండులో చేపల ఫ్యాక్టరీలో కుదిరారు. ఒక ఆదివారం హరి ఫోను చేశాడు.

"అమ్మా, నిన్న సాయంత్రం ఏమని పిలిచావే?"

"ఎందుకురా?"

"పనిలోంచి వస్తంటే కుడికాలు తనంతట తనే మనూరి వైపు తిరిగిందే. ఒక్క అడుగేసింది. గోపీగాడికీ అంతేనట."

నిన్న సాయంత్రం సూర్యావతి పిలవలేదు. జ్వరం తగిలి దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. ఫోను పెట్టేసి, గోడ పట్టుకుంటూ వెళ్ళి ఎదురు వాటా తలుపు కొట్టింది.

"నిన్న నువ్వేటని పిలిచావు?"

ఆయే ఆయే తడబడింది. "నువ్వు లెగలేదు కదా వొదినా. మీవాడికి పిలుపు తప్పిపోద్దని ముందు మీవాణ్ణి పిలిచీసేను. మా గోపీని తర్వాత పిలిచేను. తప్పా?"

"మాటలేటన్నావే?"

"మాటలు గుర్తులేవు."

వీధి మొదట్లో స్టూళ్ళ మీద మనుషులు సిగరెట్లు వెలిగించుకున్నారు. దీపాలవేళ అయింది. సూర్యావతి కొంగు నడుముకి బిగించి, బాల్కనీలోకి వెళ్ళి, ముందు గోపీని పిలిచింది.