పొగ పన్నుకు మొండయ్య చెప్పిన లెక్క

సిరిసిల్లల నూలుకు గంజి పట్టే సైజింగు బాయిలర్‌కు ముప్పై ఏండ్లు బొగ్గేసిన మొండయ్యకు ఉన్నదున్నట్టు చెప్తె నోరు చప్పగయ్యేది. బాయిలర్ దూప తీర్చవోతె మానేరు వాగు ఎండిందని, చేపలు గల్లీలకొచ్చి తనను నిలదీసినయని చెప్తుంటె జనం మగ్గాలు ఆపి వినేటోళ్ళు. నవ్వేటోళ్ళు, నమ్మకపొయ్యేటోళ్ళు. దానికి మొండయ్య ఎన్నడూ చిన్నబోలే.

ఒకనాడు కోరుట్ల నుంచి చెల్లె సారక్క కొడుకు ప్రకాశ్ వచ్చిండు. జగిత్యాలల ఏదో కంపెనీల కొలువట. బొగ్గు కాల్చేటోళ్ళ మీద సర్కారు పొగ పన్ను, అదే కార్బన్ టాక్స్, ఏస్తె వచ్చే పదేండ్లల్ల ఎంత రాబడి ఉంటదో అంచనా కట్టాలె. ఏ సైజింగుల చూసినా బొగ్గుకు రాసిన కాగితం లేదు. మామను అడిగిండు, నీ బాయిలర్ ఎంత తింటదని.

“దినాం ఒక లారీ. పండుగ పూట రెండు. టైర్లొక్కటే ఇడిసిపెడ్తది, అరగవట.”

ఇద్దరు కడుపుబ్బ నవ్విండ్రు. నవ్వుకుంటనే ప్రకాశ్ రాసుకున్నడు.

ఆ రాసుకునుడు మొండయ్యను రాత్రంత పొడిసింది. తెల్లారి అల్లుని బాయిలర్ ఎనుక గోడకాడికి తీసుకపోయిండు. గంజి పట్టిన నూలును ఆరబెట్టి చుట్టే ఒక్కో బీముకు ఎన్ని పారల బొగ్గు పడ్డదో, ఏండ్ల సంది బొగ్గుముక్కతోని గీసిన గీతలున్నయి. ఇన్నేండ్లల్ల ఎవ్వలకు చూపియ్యలే. లారీ బొగ్గు ఎనిమిది దినాలొస్తది, ఇదే రాయుమన్నడు. ప్రకాశ్ ఫోటో తీసుకున్నడు. నిన్నటిది కొట్టేసిన మామా అని చెప్పి, పప్పుతోని బువ్వ తిని పోయిండు.

నెల దినాలకు కంపెనీవాళ్ళు ఫంక్షన్ హాల్ల మీటింగు పెట్టిండ్రు. తెర మీద పదేండ్ల రాబడి పడ్డది. సిరిసిల్లల ఉన్న బాయిలర్లన్నిటికి దినాం ఒక్కో లారీ. కింద ‘ఆధారం: మొండయ్య, ముప్పై ఏండ్ల అనుభవం’. గంత పన్ను పడితె సైజింగు రేటు పెరుగుతది, సగం మగ్గాలు మూతవడ్తయి. నాలుగు మగ్గాల ఆసామి వెంకటేశం ఎనుకకు తిరిగి, “మమ్ముల అమ్ముకున్నవా మొండన్నా,” అన్నడు, మెల్లగనే.

మొండయ్య అల్లుని దగ్గరికి పోయి, గోడ చూపిస్తి గదరా అన్నడు. ప్రకాశ్ గొంతు తగ్గించి, చిన్న అంకెకు సర్కారు ఒప్పదు, ఈ పథకమే లేవదన్నడు, అది లేవకుంటె తన కొలువు లేదన్నడు. “నువ్వేం చెప్పినా నవ్వుతరు మామా. నీకేం పోతది?”

మొండయ్య మైకు తీసుకున్నడు. ఉప్పూకారం లేకుండ చెప్పిండు, లారీ ఎనిమిది దినాలని, గోడ మీద గీతలున్నయని. జనం ఇంకేదో వస్తదని చూస్తున్నరు.

“గీసింది నువ్వే, చెప్పేది నువ్వే. నిన్న గీసినవో ఏమో,” అన్నడు వెంకటేశం.

“నెల కింది ఫోటో అల్లుని ఫోన్ల ఉన్నది. చూపెట్టు ప్రకాశూ.”

హాలంత అల్లుని దిక్కు తిరిగింది. ప్రకాశ్ చెయ్యి జేబు దాక పోయి, అక్కడనే ఆగింది.

“మామ కథలు మీకు కొత్తనా?” అన్నడు నవ్వుకుంట.

హాలంత గొల్లున నవ్వింది. మొండయ్య మైకు బల్ల మీద పెట్టిండు. అంతమంది నవ్వుల్ల అల్లుని నవ్వు ఒక్కటి చెవులకు వేరుగ వినవడ్తనే ఉన్నది.