వేయించిన మన్ను

"కాల్చినంక నీళ్లు వదిలేది సచ్చినోళ్లకు. మన్నుకు యాడైనా పోస్తారా?" అంది ఓబులమ్మ, చేతిలోని చెంబు కింద పెట్టకుండానే.

"మిగతా ఆరు టబ్బులకు పోసినంతే దీనికీ పోయల్ల అత్తా. ఒక చెంబు. ఎక్కువ గాదు, తక్కువ గాదు," అంది కోడలు ప్రసూన, బట్టల సంచి జిప్పు లాగుతూ.

"ఆ ఆరింటికి పోసేదానికి నేను అడ్డం చెప్పినానా? వాటిలో పచ్చగా ఏందో ఒకటి కదుల్తాండాది. ఈ ఏడోదాంట్లో ఏముండాది? నువ్వే నా బాండ్లీలో ఏసి రెండు గంటలు మాడిస్తివి. మళ్లీ నువ్వే నీళ్లు పోయమంటాండావు."

ఈ తగువు ఆ ఇంట్లో రెండు నెలలుగా నడుస్తోంది. మొదలైంది నీళ్ల దగ్గర కాదు, బాండ్లీ దగ్గర. ఊళ్లో ఎవరింట పెళ్లయినా బూందీ దూయడానికి అడిగి తీసుకుపోయే ఇనుప బాండ్లీ అది. జనవరిలో ఒకరోజు ఓబులమ్మ గోరంట్ల సంతకు పోయి వచ్చేసరికి, పెరట్లో మూడురాళ్ల పొయ్యి మీద అది కూర్చుని ఉంది. అందులో చెరువు మన్ను. పక్కన గరిటె తిప్పుతూ ఎమ్మెస్సీ చదివిన కోడలు. చింతపండు పెట్టి మూడుసార్లు తోమినా బాండ్లీకి ఆ వాసన పోలేదని ఓబులమ్మ ఇప్పటికీ అంటుంది.

నీళ్ల గొడవ ఆ తర్వాత వచ్చింది. కొళాయి నాలుగు రోజులకొకసారి. మిగతా రోజులు ట్యాంకరే గతి. ఆ ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, బట్టలు జాడించిన నీళ్లు వాకిట్లోకి, స్నానం నీళ్లు కరివేపాకు చెట్టుకు. ఏ చెంబు ఎక్కడికి పోవాలో ముప్పయ్యేళ్లుగా ఓబులమ్మే చెబుతోంది. అలాంటి ఇంట్లో ఏమీ మొలవని మన్నుకు రోజూ ఒక చెంబు.

"మొలవకుండా ఉండేదానికే అత్తా అది పెట్టింది," అంది ప్రసూన, నూరోసారి. "ట్యాంకర్ నీళ్లల్లో ఇత్తనాలు వచ్చింటే, గాలికి ఎగిరొచ్చి పడింటే, దీంట్లో గూడా మొలుస్తాయి. దీంట్లో మొలవలేదంటే, ఆ ఆరింట్లో మొలిచిందంతా చెరువు మన్నులోదే అని లెక్క."

"అది సాక్షి మా," అన్నాడు కొడుకు రాఘవేంద్ర, ట్రాక్టరుకు గ్రీజు పెడుతూ. "నోరు తెరవని సాక్షి."

"సాక్షికి బత్తెం నేనిస్తాండా, రోజుకొక చెంబు," అంది ఓబులమ్మ.

ప్రసూన చదువు నీటి మొక్కల మీద. అనంతపురం యూనివర్సిటీలో కృపాకుమారి మేడం దగ్గర పరిశోధన చేస్తోంది. తాగేదానికే నీళ్లు లేని సీమలో నీటి మొక్కల చదువేమిటని నవ్వనివాళ్లు లేరు. ఊరి చెరువులో నీళ్లు నిలవక పదకొండేళ్లయింది. అయినా ఆ నెర్రెలిచ్చిన మన్నులో పాత మొక్కల విత్తనాలు నిద్రపోతున్నాయనీ, ఒక్క మంచి వాన పడితే లేస్తాయనీ ఆమె అంటుంది. అది తేల్చడానికే చెరువు అంచున, నడుమ, లోతున మన్ను తవ్వి తెచ్చి రెండేసి టబ్బుల్లో పోసింది. లోతు మన్నే మరికొంత వేయించి ఏడో టబ్బులో పోసింది.

ఆ లోతును ఊరివాళ్లు మడుగు అంటారు. ఈ ఏడు చెరువు మన్ను చేలకు తోలుకోవాలని ఊరంతా కూర్చుని అనుకున్నారు. చీటీలు వేసి వంతులు పంచుకుంటే, మడుగు ఓబులమ్మ ఇంటికి వచ్చింది. చెరువు మొత్తానికి అంత నల్లటి, వెన్నలాంటి మన్ను మరెక్కడా లేదు. ఓబులమ్మకు పుట్టింటివాళ్లు రాసిచ్చిన కొండకింద చేను ఉత్త గరుసు నేల. వాన పడితే జల్లెడలో పోసినట్టు పోతుంది. శెనక్కాయ వేస్తే నాలుగేళ్లలో మూడేళ్లు వేసిన విత్తనం కూడా తిరిగి రాలేదు. అరవై ట్రాక్టర్ల మడుగు మన్ను తోలితే ఆ చేను చేనవుతుందని ఆమె ఎన్నేళ్లుగానో అనుకుంటోంది. చీటీ వచ్చినరోజు పాయసం కూడా చేసింది. ఆ పాయసం తింటూనే ప్రసూన చెప్పింది, మడుగును తవ్వొద్దని, తవ్వితే నిద్రలో ఉన్న విత్తనాలన్నీ మన్నుతో పాటే పోతాయని.

అప్పుడు మామ నారాయణప్ప మీసం తుడుచుకుని తీర్పు చెప్పాడు. "మీ మేడం వచ్చి, కండ్లారా చూసి, ఆ మన్నులో పానముండాదని కాగితం మీద రాసిస్తే అప్పుడు ఆలోచన చేస్తాం. లేదంటే ఉగాదైనంక రెండో ఆదివారం జేసీబీ దిగుతాది."

ఆ ఆదివారానికి ఇంకా రెండున్నర వారాలుంది. ప్రసూన యూనివర్సిటీ పని మీద పోతోంది. తిరిగి వచ్చేది మేడంతోనే, జేసీబీ దిగే ఆదివారానికి ముందు గురువారం.

పోతూ పోతూ గోడ మీది క్యాలెండర్ చూపించింది. "రోజూ పొద్దున ఏడో టబ్బు చూసి, ఏమీ లేకుంటే ఆ తేదీ గడిలో సున్న పెట్టత్తా. ఉంటే ఉండాదని పెట్టు. ఏం జరిగినా జరిగినట్టే."

"పాల లెక్క పక్కన నీ సున్నలు గూడా రాయల్లనా?" అంది ఓబులమ్మ. కానీ మరుసటి రోజు సున్న పెట్టింది. ఆ మరుసటి రోజూ పెట్టింది.

మూడో రోజు శనివారం. నీళ్లు పోస్తూ చూస్తే మడుగు మన్ను టబ్బులో మొక్కలు ఒకదాని మీదొకటి ఎక్కి, ఒక పిలక అంచు దాటి బయటికి వేలాడుతోంది. నీళ్ల మీద తేలే నాలుగాకుల మొక్క. ఓబులమ్మ దాన్ని లోపలికి తోయబోతే వేరుతో సహా ఊడి చేతిలోకి వచ్చింది.

ఆమె కాసేపు దాన్ని అరచేతిలో పెట్టుకుని నిలబడింది. మడికట్టులో వరి నాటిన కాలంలో, చేతికొచ్చిన నారు గట్టు మీద పారేస్తే వాళ్లమ్మ వీపు మీద ఒకటి వేసేది. వేరున్నదాన్ని పారేయకూడదు. చుట్టూ చూసింది. పక్కన ఏడో టబ్బు, రెండు నెలలుగా ఊరికే నీళ్లు తాగుతున్న మన్ను. వేలితో గుంట చేసి నాటేసింది. కోడలు వచ్చాక "నీ చేతిలో మొలవంది నా చేతిలో బతికింది సూడు" అని ఆటపట్టించవచ్చు కదా అని, గుర్తుకు కాడకు ఎర్రదారం కట్టింది. క్యాలెండర్లో శనివారం గడిలో సున్న పెట్టబోయి ఆగింది. ఏం జరిగినా జరిగినట్టే. నాలుగు చుక్కలు పెట్టింది, నాలుగాకులకు.

పిలక బతికింది. రోజురోజుకూ పక్కకు పాకింది. ఓబులమ్మ పొద్దున లేవగానే ముందు దాన్నే చూసేది.

బుధవారం సాయంత్రం ఫోన్ వచ్చింది. "రేపు మేడంతో వస్తాండానత్తా. ఏడో టబ్బులో ఏమీ లేదు కదా? మేడం గట్టిగా అడుగుతాండారు. దాంట్లో ఒక్క ఆకున్నా ఈ పనంతా నమ్మరు."

ఓబులమ్మ టబ్బు వైపు చూసింది. "నువ్వు రా," అని మాత్రం అని ఫోన్ పెట్టేసింది.

టబ్బు దగ్గరికి పోయి కూర్చుంది. పెరికేస్తే సరి. దారం పొయ్యిలో పడేసి, క్యాలెండర్లో చుక్కలను కలిపి సున్న చేస్తే ఎవరికీ తెలియదు. నీళ్లలో చేయి పెట్టింది. వేళ్లకు మెత్తగా తగిలింది తీగ. తన బాండ్లీ, తన నీళ్లు, తన చేయి. ఇన్నీ తనవైనప్పుడు అబద్ధం కూడా తనదే అవుతుంది. ఇంకో సంగతి కూడా ఆమె మనసులో లేకపోలేదు. పెరకకుండా వదిలేస్తే ఆ పిల్ల ఓడిపోతుంది, మడుగు మన్ను తన చేనికి వస్తుంది. ఆ ఆలోచన వచ్చినందుకు ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది. చేయి బయటికి తీసి కొంగుతో తుడుచుకుంది.

గురువారం పదిగంటలకు కారు వచ్చింది. కృపాకుమారి మేడం పొట్టిగా, తెల్లజుట్టుతో, చెప్పులు వాకిట్లోనే విడిచి నేరుగా పెరట్లోకి నడిచింది. వెనక ప్రసూన. రాఘవేంద్ర, నారాయణప్ప కూడా వచ్చి నిలబడ్డారు.

ఎవరూ నోరు తెరవకముందే ఓబులమ్మ చెప్పేసింది. "ఆ ఏడోదాంట్లో ఉండేది మొలిచింది కాదు మేడం. నేనే నాటితి. పోయిన వారం కాదు, ఆ ముందు శనివారం. మా ప్రసూనకు తెల్దు."

ప్రసూన ముఖం పాలిపోయింది. "అత్తా," అంది, అంతే.

"అయితే సాక్షి చెడిపోయినట్టే," అన్నాడు నారాయణప్ప. గొంతులో సంతోషం దాచుకోలేదు. "రాఘవా, జేసీబీ ఆయప్పకు ఫోన్ చెయ్."

"ఉండప్పా, ఆ ఫోన్ యాడికీ పోదు," అంది మేడం. గొంతుక్కూర్చుని టబ్బులోకి వంగింది. "ఎన్ని నాటినారమ్మా?"

"ఒక్కటే. దారం కట్టిండా సూడండి."

"దానికి ముందు ఇందులో ఏమన్నా ఉండేదా?"

"రెండు నెలలు నీళ్లు పోసినాం. వెంట్రుకంత గూడా లేచింటే ఒట్టు. లేచింటే నేను ఊరంతా చెప్పి నవ్వింటాను." ఓబులమ్మ లోపలికి పోయి మేకు నుంచి క్యాలెండర్ తీసుకొచ్చింది. సున్న, సున్న, ఆ తర్వాత రోజూ నాలుగేసి చుక్కలు. మేడం దాన్ని ప్రసూన నోటుపుస్తకం పక్కన పెట్టి చూసింది. అంతకుముందు రోజులన్నిటికీ ప్రసూన రాసిన సున్నలున్నాయి. ఎక్కడా తెగలేదు.

అప్పుడు మేడం చేతులు పైకి మడిచి, ఎర్రదారం కట్టిన కాడ పట్టుకుని, తీగ వెంబడి వేలు జరుపుతూ లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. ఎనిమిది ఆకులు. ఎనిమిదీ ఒకే తీగకున్నాయి. తీగను మెల్లగా ఎత్తి నీళ్ల గిన్నెలో వేసింది. మిగిలిన మన్నునంతా పిడికెడు పిడికెడుగా జల్లెడలో కడిగింది. అరగంట పట్టింది. జల్లెడలో రాళ్లు తప్ప ఏమీ మిగల్లేదు.

మేడం లేచి నడుము పట్టుకుని నవ్వింది. "ప్రసూనా, నేనెందుకొచ్చినానో నీకు చెప్పలేదు. నా అనుమానం ఈ టబ్బు మీదే. మాడిన మన్నులో ఏమీ మొలవలేదంటే దానికి ఇత్తనం లేకపోవడమే కారణమని ఎట్లా అంటావు? మన్ను సచ్చిపోయింటే, ఏది పెట్టినా బతకదు గదా? ఆ మాట పెద్దోళ్ల ముందర ఎవరైనా అడిగితే నీ దగ్గర జవాబు లేదు."

"లేదు మేడం," అంది ప్రసూన.

"ఇప్పుడుండాది. మన్ను సావలేదు. నాటితే పన్నెండు రోజుల్లో ఎనిమిది ఆకులేసింది. నీళ్లూ మన్నూ రెండూ మంచివే. అయినా దానంతట అది రెండు నెలల్లో ఒక్కటి మొలవలేదు. అంటే ఆ ఆరు టబ్బుల్లో ఉండేదంతా చెరువులో నిద్ర లేచిందే. ఇట్లాంటివి ఇంకో నాలుగు పెట్టి చూడల్ల, అది వేరే సంగతి. కానీ ఈ నాటేది నాకూ తట్టలేదు, నీకూ తట్టలేదు. మీ అత్తకు తట్టింది."

"నాకేం తట్టలేదు మేడం. పారేసేదానికి మనసు రాలేదు, అంతే."

రాఘవేంద్ర పకపకా నవ్వాడు. "సాక్షి నోరు తెరిచింది నాయనా," అన్నాడు తండ్రితో. ప్రసూన మాత్రం నవ్వలేదు. వచ్చి ఓబులమ్మ తడి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వదల్లేదు. ఓబులమ్మకు ఏం చేయాలో తోచక, "వదులు పాపా, సంగటికి ఎసరు పెట్టల్ల," అంది. అంటూనే ఆమె కూడా చేయి లాక్కోలేదు.

తర్వాత లెక్కలు జరిగాయి. అంచు మన్నులో తొమ్మిది మొక్కలు. నడుమ మన్నులో ముప్పై ఒకటి. మడుగు మన్నులో రెండువందల నలభై, అందులో నాలుగాకులవీ, దారంలాంటి నాచు రకాలు మూడూ, ఒక మూల గోరంత కలువాకు ఒకటి. ఆ కలువాకును చూడటానికి పక్కింటి రామలక్ష్మమ్మ గోడ మీంచి తొంగిచూసి, ఆనక గోడ చుట్టి వచ్చింది. ఆమె వెనక ఇంకో నలుగురు. "మన చెరువుదేనా?" అని ఒక్కొక్కరూ అడిగారు. "మన చెరువుదే," అని ప్రతిసారీ ఓబులమ్మే చెప్పింది, తానే తవ్వి తెచ్చినంత ధీమాగా. ఆ తర్వాత ఏడో టబ్బు మహిమ కూడా ఆమే వివరించింది. కోడలు రెండు నెలలు చెప్పిన మాటలే, ఒక్క ముక్క పోకుండా.

మేడం మంచం మీద కూర్చుని కాగితం రాసి, సంతకం పెట్టి నారాయణప్ప చేతికిచ్చింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "పానముండాదనే రాసినారు," అని ఒప్పుకున్నాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని, మడుగు సంగతి ఎత్తలేదు. ఆలోచిస్తామన్నాడే తప్ప ఆపుతామనలేదు కదా. అరవై ట్రాక్టర్ల మన్ను ఆయనకూ చిన్న విషయం కాదు. ప్రసూన అడగాలనుకుని మేడం ముందు ఊరుకుంది.

మధ్యాహ్నం పంచలో అందరినీ వరసగా కూర్చోబెట్టి ఓబులమ్మే వడ్డించింది. రాగి సంగటి, శెనక్కాయల ఊరిబిండి, పప్పు. ప్రసూన సాయానికి లేవబోతే, భుజం మీద చేయి వేసి మేడం పక్కనే కూర్చోబెట్టింది. మొదటి ముద్ద మేడంకు, రెండో ముద్ద కోడలికి పెట్టింది. ఆ వరస ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు. నారాయణప్ప తన ఖాళీ కంచం కాస్త ముందుకు జరిపాడు.

ఆయనకు వడ్డించేటప్పుడు ఓబులమ్మ వంగి, గొంతు పెంచకుండా, పప్పులో ఉప్పు చాలిందా అని అడిగినంత మామూలుగా చెప్పింది.

"కొండకింద చేను నాది గదా, దానికి ఈ ఏడు మన్ను వద్దు. మడుగు మన వంతు గాబట్టి మనం తవ్వం, ఇంకొకర్ని తవ్వనీం. జేసీబీ ఆయప్పకు ఇందాకే ఫోన్ చేసి రావొద్దని చెప్పినా."