చేతికొచ్చిన పాస్‌పోర్టు

సుందరి సూట్‌కేసు అడుగున ముందుగా జ్ఞానరాజు నల్లకోటు పరిచింది. రాజమండ్రి కోర్టులో జూనియరు లాయరుగా ఉన్నప్పుడు కుట్టించుకున్న కోటు అది. దాని మీద అతని చొక్కాలు, వాటి మీద తన చీరలు, అన్నిటి పైన పుట్టబోయే బిడ్డ కోసం తోటి నర్సులు అల్లిచ్చిన ఊలు టోపీ. ఇద్దరి బట్టలూ ఒకే పెట్టెలో ఉంటే ఎవరూ వెనక ఉండిపోరని ఆమెకి అదో ధైర్యం.

"కోటు దేనికే? నువ్వు పురుడు పోసుకోగానే మళ్లీ వచ్చేవాళ్లమే కదా," అన్నాడు జ్ఞానరాజు.

"ఉండనివ్వండి. బరువేం కాదు."

"నన్ను మళ్లీ ఆ కోర్టు వరండాలో నిలబెట్టాలని చూస్తున్నావు నువ్వు."

"నిలబడితే ఏమైందండీ? ఆ వరండా మీద బాంబులు పడవు."

అతను నవ్వాడు. ఆమెకి నవ్వు రాలేదు. సౌదీలోని అల్ ఖోబర్‌లో, అజీజియాలోని ఆ రెండు గదుల ఇంట్లో కిటికీలన్నిటికీ విషవాయువు భయంతో ప్లాస్టిక్ పట్టాలు అతికించి ఉన్నాయి. కువైట్ ఖాళీ చెయ్యమని ఇరాక్‌కి పెట్టిన గడువు మంగళవారంతో అయిపోతుంది. ఆమె పనిచేసే ఆసుపత్రిలో, నడవగలిగిన రోగులందర్నీ ఇళ్లకు పంపేసి మంచాల మీద కొత్త దుప్పట్లు పరిచి ఉంచారు. ఆ ఖాళీ మంచాలు చూసిన దగ్గర్నుంచి సుందరికి అన్నం సయించడం లేదు. వాటి మీదికి ఎవరో ఒకరు రావాల్సిందే కదా.

విమానం సోమవారం సాయంత్రం. ఆమెకి ఏడో నెల. జ్ఞానరాజు తన ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే గుర్తింపు పుస్తకం, కంపెనీలో అప్పగించి పాస్‌పోర్టు తెచ్చుకున్నాడు. రెండూ ఒకేసారి మనిషి చేతిలో ఉండనివ్వరు. ఒకటి ఇస్తేనే రెండోది. సుందరి పాస్‌పోర్టు ఆసుపత్రివాళ్లు ముందే ఇచ్చేశారు. అతని పాస్‌పోర్టు ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమె దిండు కిందే ఉంటోంది.

ఆదివారం తెల్లవారుతూనే ఫోన్ మోగింది. కంపెనీ మేనేజరు అబ్దుల్ ఘనీ. యుద్ధం భయంతో ఇంగ్లీషు లాయరు ఆగస్టులోనే లండన్ పారిపోతే, గుమాస్తాగా ఉన్న జ్ఞానరాజుని పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. కువైట్ సరిహద్దు దగ్గర ఖఫ్జీలో ఉన్న కంపెనీ క్యాంపు ఇవాళే సైన్యానికి అప్పగించెయ్యాలట. లాయరు స్వయంగా వెళ్లి సంతకాలు చేయించాలట. దారి పొడుగునా చెక్‌పోస్టులు, ఇకామా లేకపోతే కదలనివ్వరు. పాస్‌పోర్టు తిరిగి ఇచ్చేసి ఇకామా తీసుకుని వెళ్లమన్నాడు. రేపు పొద్దున్న మళ్లీ మార్చుకోవచ్చన్నాడు.

"వద్దండీ," అంది సుందరి.

"ఒక్కరోజు పనే సుందరీ. ఇది చేసి పెడితే ఆ కుర్చీ నాదే. లేకపోతే వచ్చాక మళ్లీ గుమాస్తానే. మీ నాన్నేం చేస్తారని బిడ్డని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?"

"నాన్న ఉన్నాడని చెబితే చాలదా?"

కిందనుంచి హారన్ వినిపించింది. కంపెనీ డ్రైవరు నర్సింలు, జగిత్యాల మనిషి, గుమ్మం దాకా వచ్చి పిలిచాడు. "వకీల్ సాబ్, జల్ది రాండ్రి. పొద్దెక్కుతుంది."

"తమ్ముడూ, ఆయన్ని జాగ్రత్తగా తీసుకురా."

"ఎందుకు బుగులు పడ్తవక్కా? ట్యాంకు అడ్డమొచ్చినా హారన్ కొడ్త. అదే పక్కకు జరుగుతది."

జ్ఞానరాజు చెయ్యి చాపి నిలబడ్డాడు. సుందరి దిండు ఎత్తి పాస్‌పోర్టు తీసి ఇచ్చింది.

ఆ రోజంతా ఆమె రోడ్డు మీద ఏ బండి ఆగినా గుమ్మంలోకి వచ్చింది. పొద్దు వాలకముందే అతను వచ్చేశాడు. జుట్టు నిండా ఇసుక, మొహం నిండా వెలుగు. "చూశావా? ఏమైంది?" అన్నాడు. ఆ పూట సుందరి కడుపు నిండా తింది.

సోమవారం పొద్దున్న అతను ఆఫీసుకి వెళ్లాడు. పాస్‌పోర్టులన్నీ ఇనప్పెట్టెలో ఉన్నాయి. దాని తాళంచెవి ఉన్న సౌదీ ఉద్యోగి తెల్లవారకముందే పిల్లాపాపల్ని బండెక్కించుకుని ఎక్కడో దూరాన హాయిల్‌లోని సొంత ఊరికి వెళ్లిపోయాడు. అక్కడికి ఫోన్ కలవలేదు. జ్ఞానరాజు మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే మంచం మీద కూలబడ్డాడు.

"నేనూ ఉండిపోతాను," అంది సుందరి.

"ఇప్పుడు ఎక్కకపోతే, ఏడో నెల దాటాక ఇంక నిన్ను విమానం ఎక్కనివ్వరు. వెళ్లు. ఆ ఇనప్పెట్టె తెరిచిన రోజే బయల్దేరతాను."

ఆమె సూట్‌కేసు తెరిచి అతని చొక్కాలు బయటికి తియ్యబోయింది. అతను మూత మీద చెయ్యి పెట్టాడు. "ఉండనీ. వచ్చాక కట్టుకోడానికి నాకక్కడ బట్టలుండాలి కదా."

టీవీ సౌండు పెంచారు. ఈ దేశంలో వాళ్ల ప్రార్థన ఎప్పుడూ అలాగే, గోడ అవతలికి వినబడకుండా. ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని గొంతు తగ్గించి ప్రార్థించారు. నర్సింలు హారన్ కొట్టేసరికి ఆమెన్ తొందరగా అయిపోయింది.

ఎయిర్‌పోర్టు అద్దాల అవతల నిలబడి అతను పెదాలు కదుపుతూ ఏదో చెప్పాడు. సుందరికి వినబడలేదు. తలూపింది.

గురువారం యుద్ధం మొదలైంది. విమానాలు ఆగిపోయాయి. ఖోబర్ మీద క్షిపణులు పడుతున్నాయని రేడియో చెప్పినప్పుడల్లా నర్సాపురంలో పుట్టింటివాళ్లు ఆమె చేతిలోంచి రేడియో లాక్కునేవారు. అన్నీ దాటి అతను బతికే ఉన్నాడు. మార్చి ఆఖర్న జెస్సీ పుట్టిందని తెలిసి ఫోన్ చేశాడు.

"పాస్‌పోర్టు చేతికొచ్చింది సుందరీ. నన్ను లాయరుగా ఖాయం చేశారు. కువైట్‌లో కంపెనీకి పెద్ద పని దొరికింది, ఆ ఒప్పందం రాయించేసి వచ్చేస్తాను."

"ఎవరినైనా పంపొచ్చుగా?"

"లాయర్ని నేనే కదే. ఒక్కరోజు పని."

పక్కగదిలో నల్లకోటు చిలక్కొయ్యకి వేలాడుతోంది.

కువైట్ దారిలో, ఓడిపోయిన ఇరాక్ సైన్యం పోతూ పోతూ తగలబెట్టిన నూనె బావులు ఇంకా మండుతున్నాయి. పట్టపగలే కళ్లు కనబడని పొగలో, దారి మధ్య ఆగిపోయిన ట్యాంకరుని వాళ్ల బండి గుద్దుకుంది. నర్సింలు కాలు విరిగి, వేసవిలో జగిత్యాల చేరుకున్నాడు. జ్ఞానరాజు తిరిగి రాలేదు. ఆ బండి గుద్దుకున్న రోజు 1991 ఏప్రిల్ రెండో తారీఖు, మంగళవారం.