గొంతు కుడివైపే నిలబడింది

ఇనప కడ్డీల్ని తిప్పి చెక్కే లేత్ మిషన్ మీద పనిచేసే మేస్త్రికి తన చెవుల మీద మహా నమ్మకం. కడ్డీ తిరిగే చప్పుడు విని, పనిముట్టు మొద్దుబారిందో లేదో చూడకుండానే చెప్పేసేవాడు. అలాంటి మనిషిని రెండు చెక్క పెట్టెలు ముప్పుతిప్పలు పెట్టాయి.

ఆ పెట్టెలు బావమరిదివి. చిన్న ఇంట్లోకి మారుతూ, తన స్టీరియోని, నడుమెత్తు స్పీకర్లు రెంటినీ తెచ్చి అక్కగారింట్లో దించేశాడు. దించినవాడు ఊరుకోక పాఠం కూడా చెప్పాడు.

"గోడకి ఆనించావంటే డ్రమ్ము మోత బుర్ర తినేస్తుంది బావా. కాస్త ముందుకి లాగు. రెండిటి మధ్యా ఎంత దూరమో, నీ కుర్చీకీ ఒక్కోదానికీ అంతే దూరం. మొహాలు కొంచెం నీవైపు తిప్పు. ఇక చూసుకో, పాడే మనిషి సరిగ్గా నడిమధ్యన వచ్చి నిలబడుతుంది."

"మధ్యలో ఏమీ లేదు కదరా?"

"అదే కదా మజా! గొంతు మాత్రం అక్కణ్ణించే వస్తున్నట్టుంటుంది."

ఆదివారం పొద్దున మేస్త్రి టేపు పట్టుకుని రంగంలోకి దిగాడు. భార్య కుట్టుమిషన్ని వంటింటి గుమ్మం దాకా జరిపాడు. కొలిచాడు, సుద్దముక్కతో నేలమీద గీతలు గీశాడు, కుర్చీలో బిగుసుకుని కూర్చుని పాట పెట్టాడు.

పాడే ఆవిడ మధ్యలోకి రాలేదు. కుడివైపు, కిటికీ దగ్గరే నిలబడింది.

కిటికీ అద్దం వల్లనేమో అనుకుని దాని మీద దుప్పటి కప్పాడు. ఆవిడ కదల్లేదు. బీరువాని రెండో మూలకి నెట్టాడు. ఊహూ. ఎడమ స్పీకరు నీరసంగా ఉందని తేల్చుకుని, దాన్ని కుడివైపుకీ కుడిదాన్ని ఎడమవైపుకీ మార్చాడు. గొంతు మళ్ళీ కిటికీ దగ్గరే! పెట్టె మారినా గొంతు మారదేం? వైర్లు అటువి ఇటు బిగించాడు. అప్పుడూ అంతే. మేస్త్రికి మతి పోయింది. యంత్రం అన్నాక తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి, ఇక్కడ చూస్తే ఎక్కడా లేదు.

"ఇలా వచ్చి కూర్చో," అని భార్యని పిలిచాడు. "ఆవిడ ఎటువైపు పాడుతోంది?"

ఆమె ఒళ్ళోని గుడ్డముక్కలు దులుపుకుని వచ్చి కూర్చుంది. "మధ్యలో. అదిగో, గోడకున్న ఆ మేకు దగ్గర."

"వేళాకోళమా?"

"నాకేం పని లేదనుకున్నారా? ఇందాకట్నించీ మధ్యలోనే ఉంది. మీరే ఇల్లంతా పీకి పందిరేస్తున్నారు."

బావమరిదికి ఫోన్ చేస్తే, "నువ్వు కుర్చీలో వంకరగా కూర్చుని ఉంటావు బావా," అని నవ్వాడు. మేస్త్రికి ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి, కిందపడిన స్క్రూ కోసం స్పీకర్లకి వీపు పెట్టి వంగాడు. పాట ఇంకా నడుస్తూనే ఉంది. వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. గొంతు కిటికీని వదిలేసి గది అవతలి వైపుకి దూకింది.

మెల్లగా ఇటు తిరిగాడు. గొంతు కిటికీ దగ్గరికి వచ్చేసింది. అటు తిరిగాడు. అవతలికి పోయింది. ఎటు తిరిగినా అది తన కుడి చెవినే పట్టుకుని వేలాడుతోంది.

"ఏమిటండీ, గానుగెద్దులా ఆ తిరగడం?"

మేస్త్రి కుడిచెవిని అరచేత్తో మూశాడు. పాట ఎక్కడో గోడ అవతల గొణుగుతున్నట్టు వినిపించింది. భార్య పెదవులు కదులుతున్నాయి. ఏమంటోందో తెలియలేదు. చెయ్యి తీశాడు.

"నాకు ఎడం చెవి వినిపించడం లేదే," అన్నాడు, ఎవరి సంగతో చెబుతున్నట్టు.

ఆమె నవ్వబోయి మానేసింది. "అటునించి పిలిస్తే మీరు పలకరు. అలక అనుకునేదాన్ని. ఇటు తిరిగొచ్చి పిలవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు."

చెవుల డాక్టరు పరీక్షలన్నీ చేసి, "పనిచేసేటప్పుడు ఏ చెవి మిషన్ వైపు ఉంటుంది?" అని అడిగింది. మేస్త్రి కుర్చీలోంచి లేచి, లేత్ ముందు నిలబడినట్టు నిలబడి చూసుకుని, ఎడమ చెవి పట్టుకున్నాడు. ఆ మోతకి పోయిన వినికిడి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోమని ఆవిడ చెప్పింది. సోమవారం నుంచి రెండు చెవులకీ రక్షణ తొడుగులు పెట్టుకుని పనిలోకి వెళ్ళాడు. పనిముట్టు మొద్దుబారితే ఇప్పుడు చూసి తెలుసుకోవాల్సి వస్తోంది.

స్పీకర్ల గొడవ మాత్రం తెగలేదు. ఎడమదాని ధ్వని పెంచితే ఆయనకి మధ్యలోకి వచ్చిన గొంతు, ఆమెకి ఎడమ మూలకి పోయింది.

"ఇంతకీ పాడే ఆవిడ ఎక్కడున్నట్టు?" అన్నాడు మేస్త్రి. "నీకున్న చోటా, నాకున్న చోటా?"

"నన్నడిగితే? మీ బావమరిదిని అడగండి."

చివరికి ధ్వని సమానంగానే ఉంచి, తన కుర్చీని ఎడమ స్పీకరు వైపుకి బాగా జరుపుకున్నాడు. మధ్య కుర్చీలో ఆమె కూర్చుంది. పాట మొదలైంది. కళ్ళు మూసుకుని విన్నాడు. గొంతు మధ్యకి వచ్చినట్టే ఉంది, కాసేపటికి జారిపోయినట్టూ ఉంది.

"మేకు దగ్గరే ఉందా?"

"ఉంది, వినండి."

అప్పుడు ఆయనకీ అక్కడే వినిపించింది. చెవితో విన్నాడో, ఆమె చెప్పింది గనక విన్నాడో తేల్చుకోలేక, పాట మళ్ళీ మొదటినుంచి పెట్టాడు.