ప్రసాదం కాని పానకం

తన చేతి పానకం నిజంగా బాగుంటుందా, లేక దేవుడి పేరు మీద చెల్లిపోతోందా అన్న అనుమానం వసంతమ్మకు ముప్పై ఆరేళ్లుగా ఉంది. ఏటా శ్రీరామనవమికి వాళ్ల వీధి గుడిలో పానకం కలిపేది ఆమే. నైవేద్యం పెట్టేదాకా చుక్క కూడా నాలుక మీద వేసుకోకూడదు. పెట్టాక అది ప్రసాదం, తాను తాగినా రుచి ఎంచకూడదు. జనం దాన్ని కళ్లకద్దుకుని తాగుతారు, తడి చెయ్యి తలకు రాసుకుని వెళ్లిపోతారు. బెల్లం తగ్గిందని ఎవరంటారు? మిరియం ఘాటెక్కిందని ఎవరంటారు? ఒకసారి ఉండబట్టలేక భర్తనే అడిగింది.

"ఎట్లున్నదో నిజం జెప్పున్రి."

"దేవుని పానకానికి వంకలు పెడ్తరానే?" అన్నాడు వీరేశం మూతి తుడుచుకుంటూ.

అది జవాబు కాదు. పోనీ దేవుణ్నే అడుగుదామంటే, ఎవరేం పెట్టినా కాదనకుండా తీసుకునేవాడాయన. ఆయన మంచితనం వల్ల ఆమెకు తన చేతి సంగతి తెలియకుండానే వయసు యాభై ఎనిమిదికి వచ్చింది.

వికారాబాద్‌లో వాళ్ల బట్టల దుకాణం మూతపడ్డాక కోడలు రజిని ఒక పని మొదలుపెట్టింది. పుట్టినరోజులకు, చిన్న చిన్న ఫంక్షన్లకు రంగురంగుల నిమ్మరసం చేసివ్వడం. ఫోన్లో ఫోటోలు పెట్టడం, మాట్లాడటం, గ్లాసుల అంచుకు చక్కెర అద్దడం రజిని వంతు. పిండడం, వడగట్టడం, కలపడం అత్తగారి వంతు. బీట్‌రూట్ పాకంతో గులాబి రంగు, పుదీనాతో ఆకుపచ్చ, శంఖుపూలు నానబెట్టిన నీళ్లతో నీలం. ఆ నీలం నీళ్లలో నిమ్మరసం పడగానే కళ్లముందే ఊదారంగులోకి తిరుగుతుంది. పైన సోడా పోస్తే బుసబుసమని బుడగలు లేస్తాయి. పిల్లలు దానికోసమే అరుస్తారు.

చూసేవాళ్లకు అది పండగ. చేసేవాళ్లకు నడుము నొప్పి. ఆ ఎండాకాలమంతా వసంతమ్మ వేళ్ల సందుల్లో చర్మం చిట్లి, పులుపు తగిలినప్పుడల్లా సలిపింది. పొద్దున దేవుడి ముందు దీపం పెట్టేటప్పుడు ఆమె చేతులు నిమ్మతొక్క వాసన వేసేవి. శంఖుపూలు ఆమె పెరటివే. అంతకుముందు పూసినవన్నీ అనంతగిరి స్వామి పటానికే పోయేవి. ఇప్పుడు సగం సీసాలోకి పోతున్నాయి. ఇది తప్పా అని రోజూ అనుకునేది, రోజూ కోసేది.

రజిని కొత్తగా ఒక పొట్లం తెప్పించింది. అందులో వెండి పొడి లాంటిదేదో మిలమిలలాడుతోంది.

"ఇదేంది బిడ్డా? పెండ్లి చీరె దులిపినట్టున్నది."

"తినే మెరుపు అత్తమ్మా. జర చల్లితే రసం తళుక్కుమంటది."

"మెరుపు తిని ఏం జేస్తరే?"

"ఫోటో దిగుతరు," అంది రజిని.

వసంతమ్మ నవ్వింది గానీ చిటికెడు కంటే ఎక్కువ వేయనివ్వలేదు.

ఆమెకు ఒక నియమం ఉంది. ఎంత హడావుడి ఉన్నా, కలిపినదాంట్లో మొదటి గ్లాసు దేవుడి ముందు పెట్టాకే ఇల్లు దాటించేది. ఆ తర్వాత ఆ గ్లాసు రజిని తాగేది, వసంతమ్మ మాత్రం దేన్నీ రుచి చూసేది కాదు. "మంచిగున్నది అత్తమ్మా" అనేది. వసంతమ్మకు ఆ మాట మీద కూడా పూర్తి నమ్మకం కుదరలేదు. కాకపోతే ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి కదా అని సర్దుకునేది.

వైశాఖం చివర్లో తాండూరు నుంచి వచ్చిన ఫోనును రజిని స్పీకర్లో పెట్టి అత్తగారి ముందు ఉంచింది. మాట్లాడింది నూరీన్ అనే అమ్మాయి. కూతురు ఫర్హత్‌కు ఏడేళ్లు నిండుతున్నాయి, ఎనభై మంది వస్తారు, మూడు రంగులూ కావాలి.

"మా అత్తమ్మే మీకు చెప్పమన్నది ఆంటీ. అలీమాబీ. ఒకప్పుడు మీ గల్లీలనే ఉండిరంట గదా?"

నిమ్మకాయలు కోస్తున్న వసంతమ్మ చేతిలో కత్తి ఆగిపోయింది.

అలీమాబీ వాళ్ల పక్కింటి మనిషే. వసంతమ్మకంటే పదేళ్లు పెద్దది. ఇరవై రెండేళ్ల కింద ఒక నవమి రోజు వసంతమ్మ గోడ మీదుగా ఆమెకు గ్లాసెడు పానకం అందించింది. అలీమాబీ అక్కడే నిలబడి తాగి, మొహం చిట్లించింది. "మిరియాలు మస్తు ఎక్కువైనయ్ చెల్లె. గొంతు మండుతున్నది. బెల్లం సాలలే. ఒక మంచి గ్లాస్ నాకు బాకీ ఉన్నవ్ పో" అని నవ్వుతూ గ్లాసు తిరిగి ఇచ్చింది.

ఆమెకు అది ప్రసాదం కాదు. దాహానికి ఇచ్చిన పానకం. ఉన్నమాట అంది, అంతే. కానీ వసంతమ్మకు ఒళ్లు మండింది. దేవుడిది పట్టుకుని అంత మాటా అనుకుంది. మరుసటి ఏడు గోడ మీదుగా గ్లాసు పోలేదు. ఆ పై ఏడూ పోలేదు. పలకరింపులు ఉండేవి, పానకం మాత్రం లేదు. తర్వాత అలీమాబీ కొడుకు ముక్తార్ తాండూరులో బండల పాలిష్ పని పెట్టుకుని తల్లిని తీసుకెళ్లిపోయాడు. కోపం ఎప్పుడు పోయిందో వసంతమ్మకు గుర్తులేదు. పోయేసరికి ఇవ్వడానికి గోడ అవతల మనిషి లేదు.

ఈ ఒక్క మనిషి బాగుందంటే బాగున్నట్టే. ఆ ఆలోచన వచ్చాక ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు.

ముందురోజు సాయంత్రం నూటిరవై నిమ్మకాయలు పిండింది. అరవయ్యో కాయ దగ్గర వేళ్లు మొరాయించాయి. రజిని కొన్న చేతి మిషన్ తీసి, మిగతావన్నీ అందులో పెట్టి తొక్క పిప్పయ్యేదాకా నొక్కింది. పొద్దున ఒక గ్లాసు కలిపి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది. రజిని తాగింది.

"ఎట్లున్నది?"

"మంచిగున్నది అత్తమ్మా," అంది రజిని, ఈసారి కొంచెం ఆగి.

రెండు క్యాన్ల రసం, పాకం సీసాలు మోసుకుని ఇద్దరూ రైలెక్కారు. ధారూర్ దాటేసరికి వసంతమ్మ కిటికీకి తల ఆనించి కునుకు తీసింది. తాండూరులో దిగి, సోడాలు కొనుక్కుని, ఆటోలో ఆ ఇంటికి చేరేసరికి పదకొండు. పార్టీ నాలుగింటికి.

అలీమాబీ నడవలో చెక్క బల్లలాంటి తఖ్తు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. జుట్టంతా నెరిసింది. కళ్లు మాత్రం అవే.

"వచ్చినవా వసంతా? గింత ముసలైనవేందే!"

"నువ్వేమో పడుచుపిల్ల లెక్కున్నవ్ గదా ఆపా." ఆమెను అక్కా అనడానికి వసంతమ్మకు అప్పటినుంచీ అదే పిలుపు.

"మోకాళ్లు పోయినయ్. నోరు పోలే. జర నోట్లె పొయ్యి, చూస్త."

వసంతమ్మ నీలం గ్లాసు కలిపి, సోడా పోసి, రంగు తిరుగుతుండగా ఆమె చేతికిచ్చింది. నూరీన్ "మాషా అల్లా, ఎంత ముద్దుగుంది!" అంది. అలీమాబీ రంగు వంక చూడలేదు. ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టింది.

"చేదున్నది."

"అమ్మీ!" అంది నూరీన్ ఇబ్బందిగా. "ఆంటీ, మీరు ఫికర్ చెయ్యకున్రి. పిల్లలకు ఏం తెలుస్తది..."

"పిల్లలకే తెలుస్తది," అంది అలీమాబీ. "నువ్వు తాగిచూసినవా వసంతా?"

వసంతమ్మ కోడలి వైపు తిరిగింది. రజిని తల దించుకుంది.

"పొద్దున నాకూ చేదనిపించింది అత్తమ్మా. దేవుని ముంగట పెట్టినంక బాలేదని ఎట్లనాలె? పాపం తగలదా?"

వసంతమ్మ స్తంభానికి ఆనుకుని నేల మీద కూర్చుంది. కోపం రాలేదు. ఇరవై రెండేళ్ల కిందైతే వచ్చేది. ఇప్పుడు అలసట మాత్రమే వచ్చింది. ఆ పిల్లను ఏమని తిట్టాలి? ఇంట్లో అందరికీ ఆ నియమం నేర్పింది తానే. ఈ నాలుగు నెలల్లో ఇంకెన్నిసార్లు రజిని గుటకేసి మంచిగున్నదని ఉంటుందో!

"తొక్క పిప్పయ్యేదాంక పిండిన ఆపా," అంది చివరికి. "రాత్రంతా ఉన్నది. అదే చేదెక్కింది. పాకాలు మంచిగనే ఉంటయి. రసం పారబోయాలె."

"మరి పారబొయ్యి. బజార్ల నిమ్మకాయలు లేవా? నాకు చేతులు లేవా?"

రజిని బజారుకు పరుగెత్తింది. నూరీన్ రెండు కత్తులు, వెడల్పాటి గిన్నె తెచ్చిపెట్టింది. పన్నెండు గంటలకు ఇద్దరు ముసలివాళ్లూ ఎదురెదురుగా కూర్చుని పిండడం మొదలుపెట్టారు. మిషన్ సంచిలోంచి తీయనేలేదు. ఒక్కో చెక్కను రెండుసార్లు నొక్కి, ఇంకా రసం ఉన్నా పక్కన పడేశారు. గింజ పడితే అప్పటికప్పుడే తీసేశారు. వసంతమ్మ వేళ్లు భగ్గుమంటున్నాయి. అలీమాబీ వేళ్ల పరిస్థితీ అంతే, కానీ ఆమె నోరు ఆగలేదు.

"మీ వీరేశం ఎట్లున్నడు? ఇంక గట్లనే గురక పెడ్తడా? గోడ ఇవతలికి ఇనిపిస్తుండె."

"దుకాణం మూసినంక పగలు గూడ పెడ్తున్నడు."

అలీమాబీ నవ్వుకు నిమ్మచెక్క చేతిలోంచి జారి గిన్నెలో పడింది.

రెండున్నరకు రసం సిద్ధమైంది. నీళ్లు, చక్కెర, పిసరంత ఉప్పు కలిపాక వసంతమ్మ చేతిలో గరిటె ఆగింది. చుట్టూ చూసింది. ఇక్కడ పటం లేదు, ముందు గ్లాసు పెట్టేందుకు చోటు లేదు. దేవుడైతే చేదైనా తీసుకుంటాడు. ఏడేళ్ల పిల్ల ఎందుకు తీసుకుంటుంది? ఆయనకు రుచి చూడకుండా పెట్టడం భక్తి అయితే, ఈ పిల్లలకు రుచి చూసి పెట్టడం ఏమవుతుంది? మనసులోనే ఒక దండం పెట్టుకుని, అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని నాలుకకు తగిలించింది.

పైన ఫ్యాను అలాగే తిరుగుతోంది. ఏమీ జరగలేదు. పులుపు మాత్రం ఎక్కువగా ఉంది.

రెండు పిడికిళ్లు చక్కెర వేసింది. మళ్లీ చూసింది. మళ్లీ పిడికెడు. ఇలా తన చేతిని తానే దిద్దుకోవచ్చని ఆమెకు ఇన్నేళ్లూ తెలియదు.

నాలుగింటికి డాబా మీద షామియానా కింద పిల్లలు మూగారు. నీలం ఊదాగా మారినప్పుడల్లా కేకలు పెట్టారు. మెరుపు పొడి ముక్కులకు అంటుకుంది. ఫర్హత్ ఊదారంగుది మూడోసారి తీసుకుంది. దానిష్ అనే పిల్లవాడు ఆకుపచ్చది తాగి గట్టిగా అరిచాడు.

"ఛీ, టూత్‌పేస్ట్ లెక్కున్నది! నాకు గా గులాబిది ఇయ్యి!"

రజిని మొహం వాడిపోయింది. వసంతమ్మ మాత్రం పుదీనా తగ్గించాలని గుర్తుపెట్టుకుని, వాడికి గులాబి గ్లాసు అందించింది. వాడు దాన్ని గటగటా తాగేసి, ఏమీ అనకుండా గ్లాసు మళ్లీ చాపాడు. వాడి వెనక ఇంకో నలుగురు చాపారు. వాళ్లలో ఎవరూ కళ్లకద్దుకోలేదు. వసంతమ్మ క్యాను వంచుతూనే ఉంది.

ఆరు కాకముందే క్యాన్లు ఖాళీ అయ్యాయి. రజిని కింద కుళాయి దగ్గర వాటిని కడుగుతోంది. వసంతమ్మ ఒక్కో మెట్టే దిగి నడవలోకి వచ్చింది. అలీమాబీ తఖ్తు మీద గోడకు వాలి ఉంది.

"నువ్వు కొత్తగ కలిపింది తాగనే లేదు గదా ఆపా. నీకొక గ్లాసు తీసి పెట్టిన."

"పిల్లలది నాకెందుకే? రంగునీళ్లు." అలీమాబీ కళ్లు తెరవకుండానే అంది. "నాకు రావాల్సింది వేరే ఉన్నది."

గోడ మీది బాకీ మరిచిపోలేదన్నమాట. వసంతమ్మ వంటింట్లోకి వెళ్లి నూరీన్‌ను బెల్లం ఉందా అని అడిగింది. బెల్లం ఉంది, మిరియాలున్నాయి, ఇలాచీ ఉంది. శొంఠి లేకపోతే అల్లం ముక్క దంచుకుంది. బెల్లం నీళ్లలో కరిగించి వడగట్టి, సగం చెక్క నిమ్మరసం పిండింది. మిరియాలు నాలుగే నాలుగు గింజలు దంచింది. అరచేతిలో వేసుకుని రుచి చూసింది. బెల్లం ఇంకాస్త వేసింది. మళ్లీ చూసింది. గట్టుకు నడుము ఆనించి బెల్లం పూర్తిగా కరిగేదాకా కలిపింది.

గ్లాసు తీసుకుని అలీమాబీ ఒక గుక్క తాగి ఆగింది.

"మిరియాలు?" వసంతమ్మే అడిగింది.

"ఉన్నయి. ఉండాల్సినన్ని ఉన్నయి."

మిగతాది తాగడానికి ఆమె చాలాసేపు తీసుకుంది. అడుగున మిగిలిన దాన్ని కూడా గ్లాసు తిప్పి తిప్పి తాగింది. ఖాళీ గ్లాసు వసంతమ్మ చేతిలో పెట్టి, మూతి కొంగుతో తుడుచుకుంది.

"చెల్లింది వసంతా," అంది. "పో ఇగ, నీ రైలుకు టైమైతున్నది."