మూఢము వెళ్లువరకు

భాద్రపద బహుళపక్షమున గోదావరీ మండలమునందు ఆకాశము కురిసి వెలిసినదియు గాదు, కురియుచున్నదియు గాదు. పంటకాలువలలో ఎఱ్ఱనీరు గట్ల నొరసికొని పారుచుండ కొబ్బరాకుల కొనలనుండి నిన్నటి వాన నేటికిని బొట్లుబొట్లుగా జారుచుండ వరిచేల పచ్చదనముపై బూడిదవన్నె మేఘచ్ఛాయ పరచుకొని పట్టపగలే దీపము పెట్టవలసిన మసక గృహాంతరముల నావరించియుండును. పితృదేవతల పక్షము గనుక వీధులలో మేళతాళములు లేవు. కాకులకు మాత్రము ఆదరణ మెండు. అట్టి యొక మధ్యాహ్నమున రామచంద్రపురములో ఉపద్రష్ట మార్తాండ సిద్ధాంతిగారి యింటి పడమటి గదిలో ఆయన ధర్మపత్ని హైమావతమ్మ కంప్యూటరు తెరపై వెలసిన ప్రకటనను మరల మరల చదువుకొనుచు కొంగుతో కళ్లద్దములు తుడుచుకొనుచుండెను.

ఆ ప్రకటన సారాంశమేమనగా ఈ యంత్రమును నడపుచున్న పాత ఆపరేటింగు సిస్టమునకు ఇకమీదట తయారుచేసినవారి రక్షణ యుండదనియు, క్రొత్తది సిద్ధముగా నున్నదనియు, దానికి మారుట మేలనియు. క్రింద రెండు మీటలుండెను. 'ఇప్పుడు' అని యొకటి, 'తరువాత' అని యొకటి. ఆమె ప్రతిదినమువలెనే 'తరువాత' నొక్కెను.

సిద్ధాంతిగారి యింట తాతల కాలమునుండి పంచాంగము వెలువడుచున్నది. ఆ పంచాంగగణనమునకు ఒకానొక ప్రోగ్రామును వ్రాసినవాడు సిద్ధాంతిగారి తమ్ముడు చయనులు. తాతగారి పూర్వసిద్ధాంతపు లెక్కలను అక్షరము తప్పకుండ యంత్రమునకు నేర్పి, దాయాదులు దొంగిలించి తమ పేర వేసికొందురను భయముచేత ఆ ప్రోగ్రామును మరియొక యంత్రములో పనిచేయకుండునట్లు ఈ యొక్క కంప్యూటరునకే కట్టివేసి, దానిని నడపు విధమును ఓపికలేని అన్నగారికి గాక వదినగారికి నేర్పి, మూత్రపిండముల వ్యాధితో నడివయస్సుననే కన్నుమూసెను. అప్పటినుండి పంచాంగపు అట్టమీద సిద్ధాంతిగారి బొమ్మయే యున్నను లోపలి తిథివారనక్షత్రములన్నియు హైమావతమ్మ వ్రేళ్లనుండి వచ్చుచుండెను. ఆయనకు చూపు మసకబారినది, చేయి వణకు పట్టినది.

ఆ గది ఆమెకు ప్రాణము. వంటయింట ఆమె యేమి చేసినను సాయంకాలమునకు తినివేయబడును. ఉతికినది మాసిపోవును, తుడిచినది దుమ్ముపట్టును. ఈ గదిలో చేసినది మాత్రము ఏడాది పొడుగున ఇంటింటి గోడలకు వ్రేలాడుచుండును. తన పేరు దానిపై లేదను చింత యామె కెన్నడును లేదు. అది నిలిచియున్న చాలును.

ఆ మధ్యాహ్నమే కాకినాడ కళాశాలలో పనిచేయుచున్న కుమార్తె మైథిలి సెలవున వచ్చి కంప్యూటరు బాగుచేయు సత్తిబాబును పిలిపించెను.

"రోజూ తర్వాత, తర్వాత అని నొక్కుతున్నావు. అదేమైనా పాలవాడామ్మా, రేపు రమ్మంటే రావడానికి? రక్షణ లేని సిస్టం అంటే తలుపుల్లేని ఇల్లు. ఏ పురుగైనా దూరుతుంది."

"ఆయ్, అమ్మాయిగారు చెప్పింది నిజవేనండి," అని సత్తిబాబు పెట్టె ప్రక్కకు చెవియొగ్గెను. "కానీ ఈ పాత పెట్టె కొత్త సిస్టాన్ని మొయ్యలేదండి. ఎడ్లబండికి లారీ ఇంజను కట్టినట్టుంటాది."

"అయితే పెట్టె కూడా కొత్తదే కొందాం."

"కొంటే చయనులుగారి పోగ్రాం అందులో లెగదండి. ఎప్పుడో మా కొట్లో చూసేనండి."

హైమావతమ్మ ఇద్దరి మొగములను మార్చి మార్చి చూచెను. "అంటే మారిస్తే ప్రోగ్రాం పోతుంది. మార్చకపోతే మిషను పోతుంది. అంతేనా సత్తిబాబూ?"

"అంతేనండి. లోపల డిస్కు మూలుగుతంది, ఇనబడతందా అమ్మా? దానికి పెద్దకాలం లేదండి."

గుమ్మముకడ పడకకుర్చీలో కన్నులు మూసికొనియున్న సిద్ధాంతిగారు కన్నులు తెరవకయే నవ్విరి. "దృగ్గణితం వచ్చినప్పుడూ ఇదే గోల. పాత లెక్కలకీ ఆకాశానికీ పొంతన లేదు, కొత్త లెక్కల్లోకి మారండని పెద్ద పెద్దవాళ్లు వచ్చి ఈ అరుగుమీదే కూర్చున్నారు. మా తాతగారేమన్నారో తెలుసుటే? గ్రహం తప్పితే తప్పనీండి, మా నాన్న తప్పడు అన్నారు."

"అందుకే నాన్నా మన పంచాంగంలో గ్రహణం పట్టేసరికి ఆకాశంలో విడిచిపోయి జనం స్నానాలు చేసేసి ఉంటారు."

"తప్పు కూశావు!" అనిరి గాని ఆయన బొజ్జ నవ్వుతో కదలుచుండెను. సత్తిబాబు నవ్వవచ్చునో కూడదో తెలియక డిస్కు చప్పుడును మరింత శ్రద్ధగా వినసాగెను.

వాదము చాలసేపు సాగినది. క్రొత్తది వేగమని కుమార్తె. వేగమెవరికి కావలెను, ఏడాదికొక పంచాంగమే గదా అని తండ్రి. అచ్చువారు ఈ పాత యంత్రపు అక్షరములను ఇకమీదట తీసికొనరని ఆమె. మా అక్షరములు నాలుగు తరములుగా తీసికొనుచునే యున్నారని ఆయన. తుదకు సత్తిబాబే యొక తోవ చూపెను. ఫైళ్లు ఎత్తి పెన్‌డ్రైవులో వేసికొన్న చాలదనియు, డిస్కును విప్పి యున్నది యున్నట్లుగా నకలు తీసినయెడల క్రొత్త యంత్రములో పాత సిస్టము నొక మూల బ్రతికించి దానిలో చయనులుగారి ప్రోగ్రామును నడిపింపవచ్చుననియు అతడు చెప్పెను.

"కొత్తింట్లో పాత గది కట్టినట్టండి. డిస్కు బతికుండగా చేసేయాలండి. పోయేక మాత్రం బ్రహ్మదేవుడొచ్చినా తియ్యలేడండి."

హైమావతమ్మకు నెత్తిమీది బరువు దింపినట్లయ్యెను. మైథిలి చప్పట్లు కొట్టెను. సిద్ధాంతిగారు సయితము తలయూపిరి. తలయూపి చేయి చాచి తమ పంచాంగమునే తెప్పించుకొని భూతద్దముతో పుటలు త్రిప్పిరి.

"పక్షాలు వెళ్లాలి. పక్షాలు వెళ్లీ వెళ్లగానే శుక్రమూఢం. అది వెళ్లాక మంచిరోజు చూసి చేద్దాం."

శుక్రుడు సూర్యునికి మిక్కిలి చేరువై కంటికి కానరాకుండు దినములను మూఢమందురు. ఆ దినములలో శుభకార్యములు గాని క్రొత్తపనులు గాని తలపెట్టరు. రాబోవు ఏటి గణనమును ఆరంభించుటయు క్రొత్తపనియే గనుక అదియు అంతవరకు ఆగవలసినదే.

"కంప్యూటరుకి మూఢమేమిటి నాన్నా!"

"కంప్యూటరుకి లేదమ్మా. నాకుంది. ఊళ్లో పెళ్లిళ్లన్నీ ఆపించిన నోటితో నా ఇంట్లో పెట్టె విప్పించమంటావా?"

"అదీ నిజవేనండి," అని సత్తిబాబు తన సంచి సర్దుకొనెను. మైథిలి తల్లివంక చూచెను. తల్లికిని అది నమ్మకమే. వీధిలోని స్త్రీలకు ఆమెయును ఎన్నియో మారులు చెప్పినదే.

అమావాస్య వెళ్లినది, మూఢము వచ్చినది. దసరా బొమ్మలు వెలసినవి, నీట కలిసినవి. హైమావతమ్మ ప్రతి ఉదయమును పడమటి గదిలోనికి పోయి యంత్రమును మేల్కొలిపి, అది బ్రతికియున్నదని చూచుకొని, ఏ పనియు చేయక మరల నిద్రపుచ్చి వచ్చుచుండెను. డిస్కు చప్పుడు పొంగుటకు ముందు పాలగిన్నె యడుగున వినవచ్చు సన్నని సొద వలె నుండెడిది. పొంగకుండ నెంతసేపు నిలుచునో యని గరిటె పట్టుకొని కాచుకొన్న దానివలె ఆమె నిలిచియుండెడిది.

ఒకనాటి వేకువను వాకిలి చల్లుటకు బయటకు వచ్చినపుడు ఆకాశము కడిగిన పళ్లెరము వలె నుండెను. రైసుమిల్లు పొగగొట్టమునకు పైన ఒక్క చుక్క నిశ్చలోజ్జ్వలమై వెలుగుచుండెను. ఆమె చేతిలోని చెంబు క్రిందపెట్టెను. ఆ వేళ ఆ దిక్కున అంతటి కాంతితో వెలుగు చుక్క వేరొకటి లేదు. అది వేగుచుక్క. శుక్రుడు సూర్యుని విడిచి బయటపడినాడు.

ఆమె లోనికి పరుగువంటి నడకతో వచ్చెను. "ఏవండీ, శుక్రుడు కనిపిస్తున్నాడు. రండి, చూద్దురుగాని."

"ఇంకా ఉదయించలేదే."

"నా కళ్లతో చూశానండీ. రైసుమిల్లు గొట్టం పైన. వేగుచుక్క కాకపోతే అదేమిటి?"

సిద్ధాంతిగారు పంచపాత్ర అందుకొనిరి. చూచుటకు మాత్రము బయటకు రాలేదు. "నీ కళ్లకి ఉదయించాడు. మన గణితానికి ఉదయించలేదు."

"గణితం కోసం ఆయన ఆగుతాడుటండీ? సత్తిబాబుని పిలుస్తాను. డిస్కు ఇవాళో రేపో అన్నట్టుంది."

"హైమా," అని ఆయన మెల్లగా ననిరి. "మన పుస్తకం నమ్ముకుని పనులాపుకుని ఎంతమంది కూర్చున్నారో నీకు తెలుసు. వాళ్లకి పుస్తకం, నాకు ఆకాశమూనా?"

ఆయన హఠము చేసియుండిన ఆమె ఎదిరించియుండును. ఆయన న్యాయము పలికిరి. అయినను ఆయన కోవెలకు పోయిన పిమ్మట ఆమె జీవితములో మొదటిమారుగా భర్త మాట దాటి సత్తిబాబునకు ఫోను చేసెను.

"ఒక్కసారి వచ్చి ఆ నకలేదో తీసేసి వెళ్లు నాయనా. ఆయన ఇంట్లో లేరు."

"అమ్మో, మూఢం కదండీ!"

"వెళ్లిపోయింది. నేను చూశాను."

"మీ పంచాంగంలో ఇంకా ఉందండి. మా కొట్లో గోడకున్నది అదేనండి. మా పెద్దమ్మాయి నిశ్చితార్థం కూడా దాని మాటమీదే ఆపేనండి. వియ్యంకుడుగారు కోప్పడినా ఆపేనండి. ఇప్పుడు నేను విప్పడం, నా చేతిలో అది పోవడం… ఆయ్, ఆ పాపం నాకొద్దమ్మా. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

ఆమె ఫోను పెట్టివేసెను. సత్తిబాబు గోడమీది పంచాంగమున మూఢము ముగియు దినమును అచ్చునకు పంపినది తానే. చయనులు నేర్పిన మీటలు నొక్కి, వచ్చిన అంకెను సరిచూచుకొని, సంతోషించి పంపినది. ఆ అంకె ఇప్పుడు ఆ యింటికిని ఆ చుక్కకును నడుమ గోడయై నిలిచెను.

పంచాంగపు మూఢము వెళ్లుటకు ముందునాడు యంత్రము మేల్కొనలేదు. ఆమె మీట నొక్కగా లోపల నేదియో గీరుకొనినట్లొక చప్పుడై, నల్లని తెరపై ఒక్క ఇంగ్లీషు వాక్యము వెలసి, అదియు ఆరిపోయెను. ఆమె మరల నొక్కెను. తెలియక నొక్కినట్లు, తొందరలో నొక్కినట్లు, వేడుకొనుచు నొక్కినట్లు నొక్కెను. వంటయింట కుక్కరు కూయుచున్నను లేచి పోలేదు. మాడిన వాసన గదిలోనికి వచ్చిన పిమ్మట గాని ఆమె కన్నులు తెరనుండి మరలలేదు.

సత్తిబాబు వచ్చి డిస్కును విప్పి, అందున్నది తీయుటకు విజయవాడకు పంపి, అచ్చటను లాభము లేక తిరిగివచ్చిన దానిని గుడ్డలో చుట్టి తెచ్చి అరుగుమీద నుంచి, తలవంచుకొని నిలిచెను. ఆమె యతనికి మంచినీళ్లిచ్చెను.

ముందుగా నిశ్చయించిన శుభముహూర్తమునకు క్రొత్త కంప్యూటరు మాత్రము వచ్చెను. సిద్ధాంతిగారు గణపతిపూజ చేసి పసుపు కుంకుమలు పెట్టిరి. మైథిలి మీట నొక్కగా క్రొత్త సిస్టము చిటికెలో తెరచుకొని ఎచ్చటిదో యొక నీలిసరస్సును మంచుకొండలను చూపెను.

"చూశావామ్మా, ఎంత వేగంగా తెరుచుకుందో!"

"తెరుచుకుందమ్మా. లోపలేముంది?"

కుమార్తె తల్లి భుజముపై చేయివేసి ఇప్పుడు పంచాంగపు లెక్కలన్నియు నెట్టులో తయారుగా దొరకుననియు, వానిని దించుకొని తండ్రిగారి పేర వేయింపవచ్చుననియు మెల్లగా చెప్పెను. సిద్ధాంతిగారు విని, "పరాయివాడి ఆకాశం నాకెందుకే," అని లేచిపోయిరి. రాజమహేంద్రవరపు అచ్చువారు దీపావళివరకు చూచి, ఈ యేటికి వేరొకరి పంచాంగము వేసికొనుచున్నామని మిగుల మర్యాదతో ఫోనులో తెలిపిరి. మరుసటి యేటి మాట వారెత్తలేదు, వీరడుగలేదు.

ఫోను పెట్టిన సాయంకాలమే సిద్ధాంతిగారు అటకమీదినుండి తాతగారి గవ్వలసంచి దింపించిరి. పీటపై గవ్వలు పేర్చుచు తీయుచు, వణకు చేతిని రెండవచేతితో పట్టుకొని, రాబోవు ఉగాది పాడ్యమిని గణింప మొదలిడిరి. కార్తికమంతయు అదే పని. ఆయన పెదవులు కదలుచుండును, గవ్వ యొకటి జారి దొర్లిపోవును, హైమావతమ్మ వంగి వెదకి తెచ్చి స్థానమున నుంచును. కన్నులు కానని ఆయనకు అది సరియైన స్థానమో కాదో తెలియదు. ఎచ్చటనుండి జారినదో ఆమెకును తెలియదు.

ఒక సాయంకాలము ఆయన నిట్టూర్చి కాగితమును ఆమెవైపు జరిపిరి. "అయింది. ఓసారి చూడు. సరిగ్గా ఉందా?"

ఆమె కళ్లద్దములు పెట్టుకొని చదివెను. తిథి యెంత పెరిగినను ఒక పగలు ఒక రాత్రి మీద కొన్ని ఘడియలు మాత్రమే పెరుగును. ఆయన లెక్కలో పాడ్యమి ఒక సూర్యోదయమును దాటి, రెండవదానిని దాటి, మూడవ సూర్యోదయమున కూడ ఇంకను మిగిలియుండెను. ఆమె చదివి, మరల చదివి, కాగితమును మడత చెడకుండ ఆయన చేతిలో నుంచెను.

"సరిగ్గా ఉందండీ."

"నాకు తెలుసు," అని ఆయన ముఖము వెలిగెను. "అయితే విదియ మొదలెడదాం."

"మొదలెట్టండి," అని ఆమె గవ్వలు కూడదీసి ఆయన దోసిట పోసెను. వీధిలో దీపములు వెలిగినవి. పడమటి గదిలో ఎవ్వరును తాకకుండుటచేత క్రొత్త యంత్రము తనంతట తానే నిద్రించెను. లోకమునకు పాడ్యములు వచ్చుచు పోవుచు నుండును. ఆ యింటి పాడ్యమి మాత్రము మూడు సూర్యోదయములు గడచినను అస్తమింపక ఒక ముసలివాని చేతిలో వణకుచుండెను. దానిని అస్తమింపజేయు మాట తెలిసినది ఒక్కతెయే. ఆమె దీపము వెలిగించి తెచ్చి ఆయనకు వెలుతురు పడునట్లు పీట ప్రక్కన నుంచి కూర్చుండెను.