చక్రమంతా పూసిన నూనె

గౌతమి గట్టు మీంచి రేవులోకి దిగే వాలులో బండి ఆగలేదు. ఖాళీ బండే. సత్తియ్య తాడు లాగుతూనే ఉన్నాడు, దానికి కట్టిన అడ్డుకర్ర వెనక చక్రాలను ఆపడానికి ఒత్తుకుంటూనే ఉంది. అయినా బండి ఎద్దుల మీదకి జారుకుంటూ పోయి, బల్లకట్టుకు కాస్త ఇవతల ఇసుకలో దిగబడి నిలిచింది.

ఇంటికొచ్చి అతను ఆ సంగతి నవ్వుతూ చెప్పాడు. భార్య మరిడమ్మకు నవ్వు రాలేదు. రేపు ఆ బండిలోనే పిల్లాణ్ణి ద్రాక్షారామం తీసుకెళ్లాలి, భీమేశ్వరుడి సన్నిధిలో అన్నప్రాసనకి. ముందు పుట్టినవాడు అన్నం రుచి ఎరక్కుండానే పోయాడు.

“తాడు సాగిందంతే. బిగించేశాను,” అన్నాడు సత్తియ్య.

ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టింది, దించింది, మళ్లీ పిల్లాణ్ణి చంకనేసుకుని బండి దగ్గరకొచ్చింది. తాడు బిగువుగానే ఉంది. మరి రేవు వాలులో మాత్రం వదులుగా ఉందా?

“ఏమండీ, ఒక్కసారి తాడు లాగి పట్టుకోండి.”

“మళ్లీ ఏంటే?”

“పట్టుకోండి, చెప్తాను.”

అతను లాగి పట్టుకున్నాడు. ఆమె ఒంటిచేత్తో చక్రాన్ని తోసింది. కర్ర ఒత్తుకునే ఉంది, చక్రం మాత్రం తేలిగ్గా తిరిగింది. కర్ర మీద వేలు పెట్టి చూసింది. వేలు జారింది. పచ్చగా అంటుకున్నది పసుపు, వాసన నువ్వులనూనెది.

మరిడమ్మ అరుగు వైపు చూసింది. ప్రయాణం అనుకున్నప్పట్నుంచీ అత్తగారు సుబ్బాయమ్మ తెల్లవారగానే అమ్మవారికి దణ్ణం పెట్టి బండికి నూనె, పసుపు రాస్తోంది. ఎవరైనా ఇరుసు దగ్గర చిన్న బొట్టు పెట్టి ఊరుకుంటారు. ఆవిడ చక్రమంతా, ఇనప పట్టాతో సహా పూసింది.

“అత్తయ్యా, ఈ నూనె తుడిచెయ్యాలండి.”

“అమ్మవారి పసుపు తుడుస్తావా? ప్రయాణం ముందర?”

“కర్ర జారిపోతోందండి.”

“అదివరకు మీ అమ్మ చక్రాలకు పెట్టలేదా బొట్టు?”

“బొట్టే పెట్టిందండి, స్నానం చేయించలేదు.”

సత్తియ్య నవ్వు ఆపుకోలేక ఎద్దుల వైపు తిరిగాడు. సుబ్బాయమ్మ మొహం ముడుచుకుంది.

“సరదాకి రాశాననుకున్నావా? మొదటివాణ్ణి మట్టిలో పెట్టింది ఈ చేతుల్తోనే కదే.”

“నాకూ అదే భయం అత్తయ్యా. తుడిచిన పాపం ఉంటే నాకే ఉంటుంది.”

“పాపాలు పంచుకోడానికి ఇదేం పొలమా?” అని ఆవిడ లోపలికెళ్లిపోయింది.

మరిడమ్మ ఇటుకపొడితో పట్టాలు తోమింది. కొడవలి అంచుతో కర్ర గీకింది. గీకినకొద్దీ లోపల్నుంచి నూనె ఊరుతోంది. అప్పుడు వంటింటి తెడ్డు గుర్తొచ్చింది. సెగ తగిలితే తెడ్డు నూనె కక్కుతుంది కదా. కర్ర విప్పించి పొయ్యి పైన పట్టుకుంది. చెమట పట్టినట్టు నూనె పైకొచ్చింది. తుడిచింది, మళ్లీ పట్టింది. చంకలో పిల్లాడు పొగకి ఏడుస్తున్నాడు. పక్కనుంచి ఓ చెయ్యి వచ్చి పిల్లాణ్ణి అందుకుంది, ఇంకో చెయ్యి చేటలో పొడిబూడిద పెట్టింది.

“రుద్దు,” అంది సుబ్బాయమ్మ.

మర్నాడు వాలు మొదట్లో మరిడమ్మ పిల్లాడితో బండి దిగిపోయింది.

“నువ్వే బాగుచేసి నువ్వే నమ్మవా?” అన్నాడు సత్తియ్య.

“నమ్మకం నమ్మకమే, పిల్లాడు పిల్లాడే. మీరు పోనియ్యండి.”

సుబ్బాయమ్మ మాత్రం దిగలేదు. బండి గూడు కర్ర గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. సత్తియ్య తాడు లాగాడు. కర్ర కీచుమని అరిచింది, చక్రాలు మొరాయించాయి. వాలు మధ్యలో అతను ఇంకాస్త లాగేసరికి బండి అలాగే నిలబడిపోయింది. ఎద్దుల మెడ మీద బరువే లేదు.

“రావే, పిల్లాడు ఎండలో మాడిపోతున్నాడు!” బండిలోంచి అత్తగారి కేక.

మరిడమ్మ దగ్గరకొచ్చి ఇనప పట్టా మీద చెయ్యి పెట్టింది. పొడిగా ఉంది, చుర్రుమంది. పిల్లాణ్ణి అత్తగారి ఒడిలో పెట్టింది. తను మాత్రం ఎక్కలేదు. రేవుదాకా బండి వెనక కమ్మీ పట్టుకుని, చక్రం మీంచి చూపు తిప్పకుండా నడిచింది.